మందుకు మొండికేసే ప్రొస్టేట్ క్యాన్సర్: పీహెచ్‌డీ పరిశోధనలు వెతుకుతున్నది ఏమిటి?

క్లుప్తంగా: ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స మొదట్లో దాదాపు అందరిలోనూ పనిచేస్తుంది. కొన్ని నెలలకో కొన్నేళ్లకో చాలామందిలో వ్యాధి మళ్లీ లేస్తుంది. డోసు చాలకపోవడం, మందు నాసిరకం కావడం దీనికి అసలు కారణాలు కావు. కణితిలో కణాలన్నీ ఒకేలా ఉండవు. చికిత్సను తట్టుకున్నవి మిగిలి, అవే పెరుగుతాయి. అవి ఏ దారిన తప్పించుకున్నాయో తేల్చడమే ఈ రంగంలో డాక్టరేట్ పరిశోధనల ముఖ్యమైన పని. దారి తెలిస్తే తర్వాత ఇచ్చే మందు మారుతుంది.

అంత తీవ్రమైనది, అయినా లొంగుతుందట

అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందని 2025 మే 18న ఆయన కార్యాలయం ప్రకటించింది. అందులో మూడు సంగతులు ఉన్నాయి. గ్లీసన్ స్కోరు 9. ఎముకలకు పాకింది. అయితే హార్మోన్ చికిత్సకు స్పందించే రకంలా కనిపిస్తోంది. మొదటి రెండూ భయపెట్టేవి, మూడోది ఊరటనిచ్చేది. పాఠకులను తికమక పెట్టింది ఈ మూడోదే. అంత తీవ్రమైన జబ్బు అంటూనే చికిత్సకు లొంగుతుందని ఎలా చెబుతారు? లొంగితే నయమైనట్టేనా?

గ్లీసన్ స్కోరు బయాప్సీ ముక్కలో కణాల అమరిక ఎంత చెదిరిందో చెప్పే లెక్క. ఇప్పుడు దాన్ని 6 నుంచి 10 వరకు వేస్తున్నారు కాబట్టి 9 అంటే అమరిక బాగా చెదిరినట్టే. హార్మోన్‌కు స్పందించడం వేరే సంగతి. ఈ కణాలు ఇంకా పురుష హార్మోన్ మీదే ఆధారపడి బతుకుతున్నాయని, దాన్ని ఆపితే కుదేలవుతాయని దాని అర్థం. అది ఇప్పటి పరిస్థితి మాత్రమే. రేపు ఆ ఆధారం తెగిపోతే ఎలా తెగుతుంది, ఎప్పుడు తెగుతుంది అన్నది ఎనభై ఏళ్లకు పైగా నడుస్తున్న పరిశోధన.

ఈ జబ్బు అరుదైనది కాదు. గ్లోబోకాన్ అనే ప్రపంచ క్యాన్సర్ గణాంకాల అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 14.7 లక్షల మందికి కొత్తగా ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 4 లక్షల మంది చనిపోయారు. భారత్‌లో ఆ ఏడాది కొత్త కేసులు దాదాపు 38 వేలు. 2040 నాటికి ఏటా వచ్చే కొత్త కేసులు ప్రపంచంలో 29 లక్షలకు చేరవచ్చని లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2024లో లెక్కగట్టింది. మనుషులు ఎక్కువ కాలం బతుకుతుండటమే దీనికి ప్రధాన కారణం. వీరిలో చాలామందికి జబ్బు మెల్లగా నడుస్తుంది, కొందరికి ప్రాణం మీదకే రాదు. ఈ వ్యాసంలోని చర్చ ముదిరి, గ్రంథి దాటి పాకిన జబ్బు గురించి.

వృషణాలు తీసేస్తే కణితి ఎందుకు తగ్గింది?

షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ కుక్కల ప్రొస్టేట్ గ్రంథి మీద పనిచేసేవారు. మనిషిలాగే ప్రొస్టేట్ జబ్బులు సహజంగా వచ్చే జంతువులు చాలా తక్కువ, కుక్క వాటిలో ఒకటి. వృషణాలు తీసేస్తే కుక్కల్లో ఆ గ్రంథి కుంచించుకుపోతుందని చూసిన హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి 1941లో అదే పని క్యాన్సర్ ముదిరిన మనుషుల్లో చేసి ఫలితాలు ప్రచురించారు. ఎముకల నొప్పితో మంచం పట్టినవాళ్లు లేచి తిరిగారు. ఈ పనికి 1966లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

ఆ మేలు నిలవలేదు. చాలామందిలో జబ్బు తిరిగి వచ్చింది. వృషణాలు లేకపోయినా మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథుల నుంచి కొంత హార్మోన్ వస్తోందేమోనన్న అనుమానంతో హగ్గిన్స్ 1945లో వాటినీ తీసి చూశారు. ఆ రోజుల్లో కార్టిసోన్ మందుగా దొరకదు, ఎడ్రినల్ లేని మనిషి దాని అండ లేకుండా బతకలేడు. ప్రయోగం అప్పటికి ఆగింది. అనుమానం మాత్రం సరైనదే. అదే పనిని కత్తి లేకుండా చేసే మాత్ర, అబిరాటెరోన్, 2011లో అమెరికాలో ఆమోదం పొందింది. మధ్యలో 66 ఏళ్లు గడిచాయి.

ఈలోగా ఆపరేషన్‌కు బదులు ఇంజెక్షన్లు వచ్చాయి. మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆదేశాన్ని మోసే హార్మోన్ నిర్మాణాన్ని కనుగొన్నందుకు ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ 1977లో నోబెల్ పంచుకున్నారు. ఆ పని మీద పుట్టిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ 1985 నుంచి వాడుకలో ఉంది. నెలకో మూడు నెలలకో వేసే ఈ ఇంజెక్షన్, ఒక్కసారి చేసే ఆపరేషన్ రెండూ టెస్టోస్టెరాన్‌ను దాదాపు ఒకే స్థాయికి దించుతాయి. వాటి తర్వాత జబ్బు మళ్లీ లేచే తీరు కూడా ఒకటే.

దారులు అనేకం, గురి ఒక్కటే

ముందు యంత్రాంగం. టెస్టోస్టెరాన్ ప్రొస్టేట్ కణంలోకి వెళ్లి ఇంకా బలమైన రూపంలోకి మారుతుంది. అక్కడ ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. అలా జతపడిన రిసెప్టర్ కణకేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను మేల్కొల్పుతుంది. పెరగమని, విభజన చెందమని చెప్పే జన్యువులు వాటిలో ఉంటాయి. రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ అనే ప్రోటీన్ కూడా ఈ రిసెప్టర్ మేల్కొల్పే జన్యువు నుంచి వచ్చేదే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పీఎస్ఏ అంకె కణితి ఎంత ఉందో చెప్పడంతోపాటు రిసెప్టర్ ఎంత చురుగ్గా ఉందో కూడా చెబుతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకటే కావు.

హార్మోన్ ఆపాక జబ్బు తిరిగొస్తే, కణాలకు ఇక హార్మోన్ అక్కర్లేదని చాలాకాలం అనుకున్నారు. అప్పటి పాఠ్యపుస్తకాల్లో ఆ దశకు ‘హార్మోన్‌తో పనిలేని క్యాన్సర్’ అనే పేరే ఉండేది. అది తప్పని తేలడానికి 1990ల నుంచి వరుసగా వచ్చిన పరిశోధనలు కావలసి వచ్చాయి. ఫిన్లాండ్‌లోని టాంపెరేలో టాపియో విసకోర్పి బృందం 1995లో ఒక సంగతి చూపింది. చికిత్స తర్వాత తిరిగొచ్చిన కణితుల్లో దాదాపు 30 శాతంలో ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువు ఒకటికి బదులు ఎన్నో కాపీలుగా పెరిగిపోయింది. చికిత్సకు ముందు అదే రోగి కణితిలో అలా లేదు. హార్మోన్ తగ్గిందని కణం ఊరుకోలేదు. ఉన్న కాస్త హార్మోన్‌నే పట్టుకోవడానికి వలలు పెంచుకుంది.

ఇలాంటి ఎత్తు క్యాన్సర్ కణాలకు కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు తయారయ్యాయి. మెథోట్రెక్సేట్ ఆ కోవదే. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కె బృందం ఆ మందును తట్టుకునే కణాలను పరిశీలించింది. మందు ఏ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందో ఆ ఎంజైమ్ జన్యువును అవి ఎన్నో రెట్లు పెంచుకున్నాయని తేలింది. మందు వేరు, క్యాన్సర్ వేరు, తప్పించుకునే తీరు మాత్రం ఒక్కటే.

2004లో చార్లెస్ సాయర్స్ బృందం ప్రచురించిన పత్రం ఈ వాదాన్ని గట్టిపరిచింది. హార్మోన్‌కు లొంగే కణితిని, దాని నుంచే పుట్టిన లొంగని కణితిని జతలుగా ఎలుకల్లో పెంచి పోల్చారు. ఏడు జతల్లోనూ తప్పకుండా కనిపించిన మార్పు ఒక్కటే, రిసెప్టర్ పెరగడం. ఇంకో చిక్కు కూడా బయటపడింది. రిసెప్టర్ మితిమీరి ఉన్న కణంలో రిసెప్టర్‌ను అడ్డుకోవడానికి ఇచ్చే బైకాలుటమైడ్ లాంటి పాత మందు ఆ పని మానేసి రిసెప్టర్‌ను కొంత ఉసిగొల్పుతోంది. దీని నుంచే కొత్త మందు ఎలా ఉండాలో తెలిసింది. రిసెప్టర్ ఎంత ఎక్కువగా ఉన్నా పట్టుకోవాలి, కేంద్రకంలోకి పోనివ్వకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ ఉసిగొల్పకూడదు. ఆ వెతుకులాటలో దొరికిన ఎన్జాలుటమైడ్ 2009లో పత్రికలకెక్కింది, 2012లో ఆమోదం పొందింది. తప్పించుకునే దారి కచ్చితంగా తెలిస్తే మందు ఎలా పుడుతుందో చూపే ఉదాహరణ ఈ రంగంలో ఇంతకన్నా మంచిది లేదు.

రెండో దారి రిసెప్టర్ జన్యువులోనే చిన్న మ్యుటేషన్, అంటే జన్యువు రాతలో మార్పు. రిసెప్టర్ ఆకారం కాస్త మారితే మందే హార్మోన్‌లా పనిచేయవచ్చు. రిసెప్టర్‌ను అడ్డుకునే మరో పాత మందు ఫ్లుటమైడ్ వాడుతూ జబ్బు పెరుగుతున్న కొందరిలో ఆ మందు ఆపగానే పీఎస్ఏ తగ్గడం 1990ల మొదట్లో వైద్యులను విస్మయపరిచింది. మందు మానేస్తే జబ్బు తగ్గడం ఏమిటి! మారిన రిసెప్టర్‌కు ఆ మందే మేతగా మారిందని తర్వాత అర్థమైంది. మరో మ్యుటేషన్ వల్ల రిసెప్టర్ స్టెరాయిడ్ మందులకు కూడా స్పందిస్తుంది. అబిరాటెరోన్‌తో పాటు ప్రెడ్నిసోలోన్ ఇవ్వడం తప్పనిసరి కాబట్టి ఇది మామూలు చిక్కు కాదు.

మూడోది సొంత వంట. రక్తంలో టెస్టోస్టెరాన్ అడుగంటినా, పాకిన కణితుల లోపల అది తగినంత ఉంటోందని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఎడ్రినల్ ముడిసరుకు నుంచి కణాలే తయారు చేసుకుంటున్నాయి.

నాలుగోది మరీ తెలివైనది. ఏఆర్-వీ7 అనే రిసెప్టర్ రూపంలో హార్మోన్ అతుక్కునే తోక భాగమే ఉండదు. హార్మోన్ లేకుండానే అది ఎప్పుడూ చురుగ్గా ఉంటుంది. ఎన్జాలుటమైడ్ లాంటి మందులు అతుక్కునేది ఆ తోక దగ్గరే కాబట్టి వాటికి పట్టు దొరకదు. జాన్స్ హాప్కిన్స్ బృందం 2014లో రక్తంలో తిరిగే కణితి కణాలను పరీక్షించింది. ఎన్జాలుటమైడ్ తీసుకుంటున్న 31 మందిలో 12 మందిలో, అబిరాటెరోన్ తీసుకుంటున్న మరో 31 మందిలో ఆరుగురిలో ఈ రూపం కనిపించింది. ఆ పద్దెనిమిది మందిలో ఒక్కరిలోనూ పీఎస్ఏ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఇలాంటి వారిలో డోసిటాక్సెల్ తరహా కీమో పనిచేసే అవకాశం ఉంటుందని తర్వాతి పనులు సూచించాయి. అధ్యయనం చిన్నదే, కానీ చికిత్స మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు రక్తపరీక్షతో జవాబు వెతకవచ్చని తెలిసింది.

కణం తన కులమే మార్చుకుంటే

పైన చెప్పిన దారులన్నీ చివరికి ఆండ్రోజెన్ రిసెప్టర్ దగ్గరికే చేరుతాయి. కొన్ని కణితులు ఆ ఊరే వదిలేస్తాయి. అవి ప్రొస్టేట్ కణాల లక్షణాలు పోగొట్టుకుని నాడీకణాల పోలికలు తెచ్చుకుంటాయి. రిసెప్టర్ ఉండదు, ఉన్నా పని చేయదు. వీటిని న్యూరోఎండోక్రైన్ రకం అంటారు.

2017లో వచ్చిన రెండు పత్రాలు దీని మూలాన్ని చూపాయి. టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు కాపలా జన్యువులు పోయిన కణాల్లో గుర్తింపును కట్టి ఉంచే పట్టు సడలుతుంది. మామూలుగా అణిగి ఉండాల్సిన సాక్స్2 వంటి జన్యువులు లేస్తాయి, కణం వేరే రూపంలోకి జారుతుంది. ఇక్కడ హార్మోన్‌ను అడ్డుకునే మందు ఆ కణాన్ని చంపదు. పాత రూపంలో ఉండటానికి కారణాన్ని తీసేసి కొత్త రూపానికి తోవ చూపుతుంది.

ఈ దశ అరుదని ఒకప్పుడు అనుకునేవారు. హార్మోన్ మందులను తట్టుకున్న రోగుల బయాప్సీలను పరిశీలించిన 2018 నాటి అమెరికా అధ్యయనంలో 17 శాతం మందిలో ఇది కనిపించింది. బలమైన మందులు ముందుగానే వాడటం పెరిగేకొద్దీ ఈ రకం కూడా పెరుగుతుందన్న అంచనా ఉంది.

రోగి కుటుంబానికి ఇది అర్థమయ్యేది పీఎస్ఏ దగ్గర. అంకె తక్కువగానే ఉంటుంది, అంతా బాగుందన్న ధీమా ఉంటుంది, కాలేయంలో మాత్రం గడ్డలు పెరుగుతుంటాయి. పీఎస్ఏ రిసెప్టర్ చురుకుదనాన్ని చెప్పే అంకె కాబట్టి రిసెప్టర్‌ను వదిలేసిన కణాల గురించి అది మౌనంగా ఉంటుంది. కణం పైపొర మీద ఉండే పీఎస్ఎంఏ అనే గుర్తు కూడా ఈ రకంలో తరచు కనిపించదు. ఆ గుర్తును పట్టుకుని లుటీషియం-177 రేడియేషన్‌ను కణితికే చేర్చే చికిత్స ఉంది. 2021లో వచ్చిన విజన్ ట్రయల్‌లో అది రోగుల మధ్యస్థ ఆయుష్షును (సగం మంది దాటే కాలాన్ని) 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెంచింది. గుర్తే లేని కణాలకు అది తగలదు.

కాన్పూర్ ఐఐటీలో బుష్రా అతీఖ్ ప్రయోగశాల పనిచేస్తున్నది ఈ మలుపు మీదే. 2020లో వారు ప్రచురించిన పత్రం ప్రకారం ఆండ్రోజెన్ రిసెప్టర్, రెస్ట్ అనే మరో ప్రోటీన్ కలిసి స్పింక్1 అనే జన్యువును అణచి ఉంచుతాయి. హార్మోన్‌ను ఆపితే ఆ అణచివేత తొలగి స్పింక్1 పెరుగుతుంది, దాంతో పాటు నాడీకణ లక్షణాలూ తోస్తాయి. చికిత్సే ఒక బ్రేకు తీసేస్తోందన్న మాట. వైద్యశాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం 2020లో అందుకున్న ఇద్దరిలో ఆమె ఒకరు.

ఒక థీసిస్‌లో నిజంగా ఏం జరుగుతుంది?

పీహెచ్‌డీ అంటే క్యాన్సర్‌కు మందు కనిపెట్టడమని బంధువులు అనుకుంటారు. రీసెర్చ్ స్కాలర్ చేతిలో ఉండే ప్రశ్న అంతకన్నా చాలా ఇరుకైనది. పైన చెప్పిన దారుల్లో ఒక దారి, అందులో ఒక జన్యువు, ఆ జన్యువును మేల్కొల్పేది ఏది? దానికి ఐదారేళ్లు పడుతుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. ఈ పనిలో కణాలను పెంచడానికి వాడే సీరం సీసా ఒక్కోసారి ఆ నెల ఫెలోషిప్‌తో పోటీ పడుతుంది.

మొదటి పని మందును తట్టుకునే కణాలను తయారు చేసుకోవడం. ఎల్ఎన్‌క్యాప్ అనే సెల్ లైన్, అంటే ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న కణాల వరస, దీనికి ప్రసిద్ధి. 1977లో ఓ 50 ఏళ్ల రోగి లింఫ్ గ్రంథి నుంచి తీసినవి ఈ కణాలు. ఆ రోగి ఎవరో తెలియని విద్యార్థులు ఇప్పటికీ వాటి సంతతిని పెంచుతున్నారు. పీఎస్ఏ ఉంటుంది, రిసెప్టర్ ఉంటుంది, హార్మోన్ ఆపితే కుంగుతాయి, కాబట్టి రోగిలో జరిగేదానికి దగ్గర. గిన్నె అడుగున సరిగ్గా అతుక్కోవు, మెల్లగా పెరుగుతాయి, మీడియం మార్చేటప్పుడు కాస్త గట్టిగా పోస్తే లేచిపోతాయి. బొగ్గుతో హార్మోన్లు తీసేసిన సీరంలో పెంచుతూ ఎన్జాలుటమైడ్ మోతాదును నెలల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. చాలా కణాలు చస్తాయి. మిగిలినవి ఆరు నెలలకో ఏడాదికో మందులోనే హాయిగా పెరుగుతాయి. పక్కనే మందు లేకుండా అంతే కాలం పెంచిన జంట కణాలు ఉండాలి. అవి లేకపోతే మార్పు మందు వల్ల వచ్చిందో, వయసు వల్ల వచ్చిందో చెప్పలేరు. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో (వైవాలో) మొదట అడిగేది కూడా ఇదే కావచ్చు.

తర్వాత రెండింటి ఆర్ఎన్ఏ చదివి ఏ జన్యువులు లేచాయో, ఏవి పడ్డాయో చూస్తారు. వందల పేర్లు వస్తాయి. వాటిలో కారణం ఏది, ఫలితం ఏది? అనుమానం ఉన్న జన్యువును క్రిస్పర్ అనే జన్యువులు కత్తిరించే పద్ధతితో తీసేసి, కణం మళ్లీ మందుకు లొంగుతుందా అని చూడాలి. లొంగితే అదే జన్యువును తిరిగి పెట్టి, మొండితనం తిరిగొస్తుందా అని చూడాలి. ఆపైన జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, వృషణాలు తీసేసిన ఎలుకల్లో అదే పరీక్ష. చివరికి రోగుల కణితి ముక్కల్లో ఆ మార్పు నిజంగా ఉందా అన్నది. ఈ చివరి మెట్టు ఎక్కని థీసిస్‌లు చాలానే ఉంటాయి, దానికి విద్యార్థి బాధ్యత తక్కువ, ముక్కలు దొరకకపోవడం ఎక్కువ.

సెల్ లైన్ ఎంపికే కొన్ని పత్రాలను బలహీనం చేస్తుంది. పీసీ-3, డీయూ145 అనే కణాలు తేలిగ్గా, వేగంగా పెరుగుతాయి. అందుకే ఎక్కువమంది వాడతారు. వాటిలో ఆండ్రోజెన్ రిసెప్టర్ లెక్కకు రానంత తక్కువ. అలాంటి కణాల్లో చూపిన ఫలితాన్ని హార్మోన్ మొండితనానికి రుజువుగా చెబితే నమ్మే ముందు ఆగాలి. ఇంతకన్నా ఘోరం కూడా జరిగింది. ప్రొస్టేట్ కణాలని ఏళ్ల తరబడి వాడిన టీఎస్‌యూ-పీఆర్1 లైన్ నిజానికి మూత్రాశయ క్యాన్సర్ కణాలేనని 2001లో బయటపడింది. ఇప్పుడు చాలా మంచి పత్రికలు కణాల డీఎన్ఏ గుర్తింపు పరీక్ష అడుగుతున్నాయి.

విద్యార్థి దశలోనే రంగాన్ని మలుపు తిప్పిన సందర్భం కూడా ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ ల్యాబ్‌లో స్కాట్ టామ్లిన్స్ డాక్టరేట్ చేస్తున్నప్పుడు అందరూ సగటులు చూస్తున్నారు. కొందరు రోగుల్లో మాత్రమే విపరీతంగా లేచే జన్యువులు సగటులో కనబడవు. అలాంటి ‘దారితప్పిన’ అంకెలను పట్టే లెక్క పద్ధతితో వెతికితే ఈఆర్‌జీ, ఈటీవీ1 అనే జన్యువులు పైకొచ్చాయి. కారణం వెతికితే, హార్మోన్‌కు స్పందించే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జన్యువు స్విచ్చు తెగి వచ్చి వీటికి అతుక్కుంది. 2005లో ప్రచురితమైన ఈ ఫలితం పాశ్చాత్య దేశాల్లో దాదాపు సగం ప్రొస్టేట్ క్యాన్సర్లలో నిజమైంది. కోవిడ్ రోజుల్లో టీఎంపీఆర్ఎస్ఎస్2 పేరు మళ్లీ వినిపించింది, వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఎంజైమ్ అదే.

ఒకే మనిషిలో పది జబ్బులు

ఒక రోగిలో మొండితనానికి ఒక్కటే కారణం ఉంటుందనుకోవడం కూడా సరికాదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయిన పది మంది శరీరాల్లో వేర్వేరు చోట్ల గడ్డలను తీసి జన్యుక్రమం చదివిన అధ్యయనం 2015లో వచ్చింది. ఒక ఎముకలోని గడ్డ నుంచి మరో ఎముకకు కణాలు పాకాయి. ప్రతి గడ్డా ప్రొస్టేట్ నుంచే నేరుగా రాలేదు. ఒకే మనిషిలో ఒకచోట రిసెప్టర్ కాపీలు పెరిగాయి, మరోచోట అదే రిసెప్టర్‌లో మ్యుటేషన్ వచ్చింది. ఒక చోటి నుంచి తీసిన బయాప్సీ మిగతా చోట్ల కథ చెప్పదు.

మందు ఒత్తిడి ఎంత చురుగ్గా ఎంపిక చేస్తుందో చూడాలంటే డీఎన్ఏ మరమ్మతును అడ్డుకునే పార్ప్ మందులు చాలు. పుట్టుకతోనో తర్వాతో బీఆర్‌సీఏ2 జన్యువు చెడిన కణాలు డీఎన్ఏ తెగితే సరిగ్గా అతికించుకోలేవు. పార్ప్ మందుల్లో ఒకటైన ఒలాపరిబ్ ఆ బలహీనతనే దెబ్బతీస్తుంది. కొందరిలో మందు పనిచేసిన కొన్నాళ్లకు చెడిన జన్యువు పక్కనే రెండో మ్యుటేషన్ వచ్చి జన్యువు మళ్లీ చదవగలిగేలా సరిపడుతుంది. ఒక తప్పు ఇంకో తప్పుతో దిద్దుకుంటుంది, కణం మందు నుంచి బయటపడుతుంది. రక్తంలో తేలే కణితి డీఎన్ఏలో ఈ దిద్దుబాట్లను 2017లో పట్టుకున్నారు.

పత్తి చేను లెక్క

తెలుగు రాష్ట్రాల పత్తి రైతుకు ఈ కథ కొత్తగా అనిపించదు. బీటీ పత్తిలోని విషం మొదట్లో గులాబీ రంగు పురుగును తుడిచిపెట్టింది. తట్టుకునే ఏ కొద్ది పురుగులో మిగిలాయి, వాటి సంతతే చేనంతా నిండింది. అది జరగకుండా బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు చేను చుట్టూ వేయమని బీటీ కాని విత్తనాలు 120 గ్రాములు ఇచ్చేవారు. విషానికి లొంగే పురుగులు కొన్ని బతికి ఉంటే తట్టుకునేవాటితో కలిసి, మొండి సంతతి విజృంభించకుండా చూస్తాయన్నది లెక్క. చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీదే వదిలేశారు.

ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో రాబర్ట్ గాటెన్‌బీ బృందం క్యాన్సర్ విషయంలో ఇంచుమించు ఈ ఆలోచనతోనే బయల్దేరింది. మందుకు లొంగే కణాలను పూర్తిగా చంపితే, పోటీ లేక మొండి కణాలే మిగులుతాయి. మందు లేనప్పుడు లొంగే కణాలే బాగా పెరుగుతాయి, మొండితనానికి అయ్యే ఖర్చు వాటికి లేదు కాబట్టి. అందుకని 11 మందికి అబిరాటెరోన్ ఇచ్చి, పీఎస్ఏ సగానికి పడగానే ఆపారు. పాత అంకెకు చేరగానే మళ్లీ మొదలుపెట్టారు. 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం జబ్బు పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం కనీసం 27 నెలలు. వాడిన మందు మామూలు మోతాదులో సగంకన్నా తక్కువ.

పదకొండు మందితో ఏ చికిత్సా మారదు. ఇంతకుముందు విరామాలిస్తూ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చిన పెద్ద ట్రయల్ ఫలితం 2013లో వచ్చింది. ఆపకుండా తీసుకున్నవారు మధ్యస్థంగా 5.8 ఏళ్లు, విరామంతో తీసుకున్నవారు 5.1 ఏళ్లు బతికారు. విరామం మేలన్న రుజువు దొరకలేదు. రెండూ ఒకటి కావన్నది మాఫిట్ వాదన. పాత ట్రయల్‌లో మొదట ఏడు నెలలు ఆపకుండా మందు ఇచ్చి, లొంగే కణాలను దాదాపు తుడిచేశాకే విరామం మొదలుపెట్టారు. గట్టు మీద వేయాల్సిన విత్తనం అప్పటికే పారేసినట్టు. వాదన బలంగా ఉన్నా తేల్చాల్సింది పెద్ద ట్రయళ్లే, రోగులు సొంతంగా మందు ఆపి చూడాల్సిన సంగతి కాదిది.

ఇప్పటి ప్రధాన ధోరణి దీనికి దాదాపు ఎదురు దిక్కున ఉంది. పాకిన జబ్బుకు మొదట్లోనే హార్మోన్ ఇంజెక్షన్‌తో పాటు కీమో గానీ, అబిరాటెరోన్ తరహా మందు గానీ కలిపి ఇస్తున్నారు. 2015లో వచ్చిన ఛార్టెడ్ ట్రయల్‌లో మొదటే డోసిటాక్సెల్ కలిపినవారి మధ్యస్థ ఆయుష్షు 57.6 నెలలు, కలపనివారిది 44 నెలలు. వైవిధ్యం పెరగకముందే గట్టిగా కొట్టడం ఒక తర్కం, వైవిధ్యాన్ని చంపకుండా అదుపులో ఉంచడం మరో తర్కం. రెండింటి వెనుకా ఉన్నది ఒకే జీవశాస్త్రం.

ఇక్కడి కణాలు ఎక్కడ?

ఎన్జాలుటమైడ్ పేటెంట్ దరఖాస్తును భారత పేటెంట్ కార్యాలయం 2016లో తిరస్కరించింది. దేశీయ కంపెనీల జెనరిక్ మాత్రలు రావడంతో ఒకప్పుడు అందని మందులు ఇప్పుడు ఎక్కువమందికి అందుతున్నాయి. కాబట్టి వాటిని తట్టుకున్న జబ్బు కూడా ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాతి నిర్ణయానికి కావలసిన పరీక్షలు అంత వేగంగా చేరలేదు. చాలాచోట్ల జబ్బు తిరిగొచ్చిందని చెప్పేది ఇప్పటికీ పీఎస్ఏ, స్కాన్ మాత్రమే. మళ్లీ బయాప్సీ తీద్దామంటే గడ్డ ఎముకలో ఉంటుంది. గట్టి ఎముకను కోయడానికి వీలుగా యాసిడ్‌లో నానబెడితే డీఎన్ఏ పాడవుతుంది. రక్తం నుంచి కణితి డీఎన్ఏ చదివే పరీక్షలు ఈ చిక్కును కొంత తప్పిస్తాయి, ధర మాత్రం చాలా కుటుంబాలకు భారమే.

ఇంకో లోటు పరిశోధన వైపుది. ఎల్ఎన్‌క్యాప్, పీసీ-3, డీయూ145 మూడూ తెల్లజాతి రోగుల నుంచి వచ్చినవే. పాశ్చాత్యుల్లో సగం మందిలో కనిపించే ఈఆర్‌జీ కలయిక చైనా, జపాన్ రోగుల్లో అంతకన్నా తక్కువ. కాన్పూర్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ ఒక విద్యార్థి ఎల్ఎన్‌క్యాప్‌లో కనిపెట్టిన దారి ఇక్కడి రోగిలోనూ అదేనా అన్నది వేరే రుజువు కోరే ప్రశ్న.

రోగి కణితి ముక్క నుంచే చిన్న గడ్డలుగా పెంచే ఆర్గనాయిడ్లు దీనికి ఒక దారి. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ బృందం 2014లో పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ నుంచి ఇలా పెంచిన లైన్లు ఏడు మాత్రమే. ప్రయత్నించిన ముక్కల్లో చాలా వాటిలో కణాలు బతకలేదు. ముక్క తీసిన వెంటనే ల్యాబ్‌కు చేరాలి. అంటే ఆపరేషన్ థియేటర్, ల్యాబ్ దగ్గరదగ్గరగా ఉండాలి, రోగి సమ్మతి పత్రం ముందే సిద్ధంగా ఉండాలి, ముక్కలో సగం పాథాలజీకి పోగా మిగిలింది పరిశోధనకు చాలాలి, దాన్ని తీసుకెళ్లడానికి ఎవరో ఒక విద్యార్థి మంచుపెట్టెతో బయట నిలబడి ఉండాలి.